అరవై ఆరు స్టిక్కుల వీరుడు

ఎండీ గారు ఢిల్లీలో ఏదైనా సదస్సుకు వెళ్లి వచ్చారంటే, రాష్ట్ర తూనిక యంత్రాల సంస్థలో ఎవరో ఒకరికి గండం పొంచి ఉన్నట్టే. మూడేళ్ల కిందట ఆయన ఉద్యోగుల ఆనందం మీద జరిగిన సదస్సుకు వెళ్లారు. తిరిగొచ్చిన వారానికే, ఉదయం తొమ్మిదిన్నరకు సిబ్బంది యావన్మందీ రెండు నిమిషాలు నవ్వాలని ఉత్తర్వు వెలువడింది. నవ్వినవాళ్లు సంతకం పెట్టడానికి సెక్షనుకో రిజిస్టరు ఇచ్చారు. సెలవు మీద వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక పాత నవ్వులు కూడా నవ్వాలా అన్న సందేహం మీద ఫైలు ఇప్పటికీ నడుస్తోంది.

ఈసారి సదస్సు వారసత్వం మీద జరిగింది. సికింద్రాబాదుకు తిరిగొచ్చీ రాగానే ఎండీ గారు తన సంస్థకు వారసత్వం ఏమైనా ఉందా అని వాకబు చేశారు. తుప్పు పట్టిన కాటాలు తప్ప ఏమీ లేవని ఒకరు, హాకీ జట్టు ఒకటుందని, దానికి ఈ ఏడు యాభై నిండుతాయని మరొకరు చెప్పారు. ఇంకేముంది, ఉత్తర్వు తయారైంది. జట్టు యాభై ఏళ్ల చరిత్రను నిర్వచించే పదకొండు మంది క్రీడాకారుల పేర్లు నల్లరాతి ఫలకం మీద చెక్కించి ప్రధాన ద్వారం పక్కన ప్రతిష్ఠించాలి.

ఉత్తర్వు నకలు దేవసహాయం బల్ల మీదికి వచ్చింది. దేవసహాయం స్టోర్సులో హెడ్ క్లర్కు, హాకీ జట్టుకు కోచ్. జీతం మొదటి పనికి వస్తుంది గానీ ఆయన ప్రాణమంతా రెండో పనిలోనే ఉంటుంది. ఒకప్పుడు ఇదే జట్టుకు ఫుల్‌బ్యాక్‌గా ఆడాడు. ఇప్పుడు యాభై ఏడేళ్లు. ఉత్తర్వు చదివి చాలా సంతోషించాడు పాపం. ఇన్నేళ్ల నౌకరీలో ఒక్కసారి కూడా ఎవరూ ఆయన్ని అడగని ప్రశ్న అది.

నిజానికి ఆ రోజుల్లో ఆయన మనసు నిండా ఇంకో సంగతి ఉంది. జట్టులో జర్పుల గోపి అని సెంటర్ ఫార్వర్డ్, ఇరవై రెండేళ్లవాడు. డోర్నకల్ దగ్గర ఒక తండా నుంచి ఏదో స్కూలు పోటీలకు వస్తే, వెదురు బొంగుతో ఆడుతున్న వాణ్ని దేవసహాయమే చూశాడు. వెంటపడి, దరఖాస్తులు తనే రాసి, క్రీడాకారుల కోటాలో ప్యాకింగ్ సెక్షనులో ఉద్యోగం వేయించాడు. వాడి ప్రొబేషన్ డిసెంబరు ఆఖరుకు ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం కావాలంటే ఆ లోపల గుర్తింపు పొందిన టోర్నమెంటులో కనీసం ఒక్క గోల్ అయినా వేసినట్టు రికార్డు ఉండాలి, లేకపోతే ఇంటికే. ఈ నిబంధన గోల్‌కీపర్లకు కూడా వర్తిస్తుంది. అందుకే సంస్థకు పర్మనెంటు గోల్‌కీపర్ లేక పన్నెండేళ్లు దాటింది. గోపికి ఆ భయం లేదు. నవంబరులో జంట నగరాల కప్పు ఉంది. అందులో వాడు ఒక్క గోల్ వేయడమంటే దేవసహాయం దృష్టిలో మంచినీళ్లు తాగినంత పని.

అందుకని నిశ్చింతగా కాగితం తీసుకుని పదకొండు పేర్లు రాశాడు. పది నిమిషాలు పట్టింది. మొదటి పేరు ఎడమ పక్క ఆడిన ఖాజా పాషాది. బంతి ఆయన స్టిక్కుకు అంటుకుని వస్తోందా అని ఒకసారి అంపైరు మ్యాచి ఆపి స్టిక్కు తడిమి చూశాడు. రెండో పేరు గోల్‌కీపర్ లారెన్సుది. వేలు విరిగిన చేత్తో ఒకే మ్యాచిలో ఏడు పెనాల్టీ కార్నర్లు ఆపినవాడు. తన పేరు రాసుకోలేదు. రాయాలని ఒక్క క్షణం అనిపించినందుకు సిగ్గుపడ్డాడు కూడా.

ఈలోగా సంగతి క్యాంటీనుకు చేరింది. హాకీ బంతి గుండ్రంగా ఉంటుందో కోలగా ఉంటుందో తెలియనివాళ్లంతా గొంతు చించుకుని వాదించారు. డిస్పాచ్ సెక్షనంతా ఖాజా పాషా వైపు. ఫౌండ్రీ అంతా లారెన్సు వైపు.

"గోల్స్ కొట్టెటోడు లేకుంటె టీమ్ ఏడికెల్లి గెలుస్తది?" అని డిస్పాచ్ వాళ్లు.

"గోల్ ఆపెటోడు లేకుంటె మీ ఖాజా కొట్టినయన్ని మనం తిన్న గోల్సుకే సరిపోతుండె," అని ఫౌండ్రీ వాళ్లు.

మూడో రోజుకు రెండు సెక్షన్లవాళ్లూ వేర్వేరు బల్లల దగ్గర చాయ్ తాగడం మొదలుపెట్టారు. నాలుగో రోజుకు డిస్పాచ్ వాళ్లు ఫౌండ్రీ నుంచి వచ్చిన కాటాలు పంపడం మానేశారు. దేవసహాయం ఈ రభస అంతా ముచ్చటగానే చూశాడు. చచ్చిపోయిన లారెన్సు కోసం ఇన్నాళ్లకు ఎవరైనా పోట్లాడుకుంటున్నారంటే ఆయనకు కళ్లు చెమర్చాయి.

ఆ ముచ్చట జీఎం పరాంకుశం గారి గదిలో తీరింది. పరాంకుశం పాలనా విభాగానికి జనరల్ మేనేజరు. హాకీతో ఆయనకు పూర్వ పరిచయం లేకపోలేదు. కొత్త స్టిక్కుల సరుకు వచ్చినప్పుడు ఒక్కటి కూడా తిన్నగా లేదని గమనించి మొత్తం వాపసు పంపించిన ఘనత ఆయనదే.

"దేవసహాయం గారూ, తమరు సమర్పించిన జాబితాకు ప్రాతిపదిక ఏమిటి?" అన్నాడు.

"చూసిన సార్. వీళ్లు ఆడంగ నా కండ్లతోని చూసిన. కొందరితోని ఆడిన గుడ."

"చూచుట అనేది వ్యక్తిగత వ్యవహారం. చరిత్ర సంస్థాగత వ్యవహారం. కావున దీనిని కళ్లతో కాక కాగితాలతో పరిశీలించవలసి ఉంటుంది."

అలా ఐదుగురు సభ్యులతో చారిత్రక క్రీడాకారుల నిర్ధారణ సంఘం ఏర్పడింది. పరాంకుశం అధ్యక్షుడు. క్రీడలతో సంబంధం ఉన్నవాళ్లకు పక్షపాతం ఉండే ప్రమాదం ఉంది కాబట్టి అలాంటివారెవరినీ సంఘంలో వేయలేదు. దేవసహాయానికి మాత్రం ఫైళ్లు మోసుకొచ్చే బాధ్యత అప్పగించారు.

గోల్స్ లెక్క తీద్దామంటే పాత రికార్డు లేదు. కోచ్ రిపోర్టులు ఏటేటా చిత్తు కాగితాల కింద అమ్మేశారు. యాభై ఏళ్లుగా స్కోరు సుద్దముక్కతో పలక మీద రాసి, మ్యాచి అయ్యాక తడిగుడ్డతో తుడిచేశారు. ఎన్ని మ్యాచులు ఆడారో చూద్దామంటే, మ్యాచి రోజున ఆటగాళ్లందరికీ హాజరు పట్టీలో గైర్హాజరు వేసి ఉంది. ఆ లెక్కన మైదానంలో ఎక్కువసార్లు కనిపించినవాడు ఆఫీసులో తక్కువ కనిపించాడు కాబట్టి మంచి ఉద్యోగి కాడు. మంచి ఉద్యోగి కానివాణ్ని రాతి మీద ఎలా చెక్కుతారని ఒక సభ్యుడు నిలదీశాడు. యాభై ఏళ్ల నుంచి పొల్లుపోకుండా ఉన్నది ఒక్కటే, స్టోర్సులోని స్టిక్కుల రిజిస్టరు. ఏడాదికి మూడు స్టిక్కులదాకా అడిగినవాడికి సంతకం తీసుకుని ఇవ్వడం రివాజు.

"స్టిక్కు లేనిదే హాకీ లేదు. కావున ఎవరు అధిక సంఖ్యలో స్టిక్కులు స్వీకరించారో వారే అధికంగా ఆడినట్టు భావించవలెను," అని పరాంకుశం తీర్మానించాడు. సభ్యులు బల్లలు చరిచారు.

రిజిస్టరు లెక్క కట్టాక దేవసహాయం మళ్లీ మొదటి నుంచి కట్టి చూశాడు. ఖాజా పాషా పదకొండేళ్లలో తీసుకున్నది ఒకే ఒక్క స్టిక్కు. దాన్ని పురికొసతో చుట్టి, మైనం రాసి, కన్నబిడ్డలా చూసుకుంటూ ఆడాడు. ఆయన పేరు ఎదురుగా సంఘం వారు 'ఆట పట్ల ఆసక్తి కనబరచలేదు' అని రాశారు. అందరికంటే పైన ఉన్నది గుండా సుదర్శనం. ఇరవై రెండేళ్లలో అరవై ఆరు స్టిక్కులు.

సుదర్శనం అదనపు ఆటగాడు. ఇరవై రెండేళ్లూ బెంచీ మీద కూర్చున్నాడు. ఒక్క మ్యాచిలో కూడా ఆయన్ని లోపలికి పంపే అవసరం రాలేదు. ఏడాదికి మూడు స్టిక్కులు తనకు రావలసినవి కాబట్టి తీసుకున్నాడు. వాటన్నిటితోనూ అల్వాల్‌లోని ఇంటి వెనక చిక్కుడు పందిరి వేశాడు. పందిరి ఇప్పటికీ చెక్కుచెదరలేదని చెప్పుకుంటారు.

"సార్, ఆయన మంచి మనిషే గని, గ్రౌండ్ల ఎన్నడు ఆడలె," అన్నాడు దేవసహాయం.

"ఆడకుండానే అరవై ఆరు స్టిక్కులు అరిగిపోయినవా?" అని పరాంకుశం చిరునవ్వు నవ్వాడు. దొంగను పట్టుకున్నవాడి నవ్వు అది.

ముసాయిదా జాబితా బయటపడింది. సెంటర్ ఫార్వర్డ్‌గా, తొమ్మిదో నంబరు కింద సుదర్శనం. లారెన్సు పేరు లేదు, ఎందుకంటే గోల్‌కీపరు స్టిక్కు ఏళ్ల తరబడి విరగదు. అకౌంట్సు విభాగం నుంచి ఒక్కరూ లేరని వాళ్లు పెన్నులు కింద పెట్టడంతో, ఇరవై ఏళ్లు విరామ సమయంలో నిమ్మకాయ బద్దలు పంచిన ఆచారి గారిని చేర్చారు. అభ్యంతరాలు ఉన్నవారు ముప్పై రోజుల్లో తగు ఆధారాలతో తెలుపుకోవచ్చని అడుగున రాశారు.

మొదటి అభ్యంతరం సుదర్శనమే పెట్టాడు. డెబ్బై ఒకటో ఏట, మోకాలికి పట్టీ కట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చాడు.

"నా పేరు తీసేయుండ్రి సారూ. నేను ఎన్నడు ఆడలే. బెంచి మీదనే కూసున్న," అన్నాడు.

"బెంచీ మీద కూర్చున్నట్టు ఏమైనా రిజిస్టరు నిర్వహించబడినదా?"

"బెంచికి రిజిస్టర్ ఎవరు వెడ్తరు సారూ?"

"అయితే ఆధారం లేదు. స్టిక్కులు స్వీకరించినట్టు తమరి సంతకాలు అరవై ఆరు ఉన్నవి. మనిషి మరచిపోవచ్చు. సంతకం మరచిపోదు." అభ్యంతరం తోసిపుచ్చారు.

సుదర్శనం బయటికి వచ్చి దేవసహాయం పక్కన కూలబడ్డాడు. "ఖాజా భాయ్ బతికుంటె నా మొకాన ఉమ్మేస్తుండె," అన్నాడు. ఆ ఒక్కమాటకు దేవసహాయానికి ఆయన మీద ఎక్కడలేని గౌరవం కలిగింది.

ఇంతవరకూ ఇది రాతి మీది గొడవే. ఆటగాళ్లకు ఏ నష్టమూ లేదు. అక్టోబరులో ఒక ఆదివారం గోపి, గుర్తింపు లెక్కలోకి రాని లీగ్ మ్యాచిలో ఐదు గోల్స్ వేశాడు. సోమవారం ఒక పత్రికలో మూలన నాలుగు లైన్ల వార్త పడింది. తూనిక యంత్రాల జట్టు చరిత్రలోనే ఇంతటి ఆటగాడు రాలేదని పాత అంపైరు ఎవరో అన్నాడట. దేవసహాయం ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని స్టోర్సుకు వస్తే, బల్ల మీద ఇంకో ఉత్తర్వు ఉంది.

జట్టు చరిత్ర నిర్ధారణ దశలో ఉన్నందున, సదరు చరిత్రలో ఎటువంటి కొత్త సంఘటనలూ జరగరాదని, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు యథాతథ స్థితి కొనసాగించవలెనని, కావున జట్టు ఏ మ్యాచిలోనూ పాల్గొనరాదని దాని సారాంశం.

దేవసహాయం మెట్లు రెండేసి ఎక్కుతూ పరాంకుశం గదికి పోయాడు.

"సార్, ఇది అన్యాయం. పోరడు ప్రొబేషన్ల ఉన్నడు. వచ్చే నెల కప్పు ఆడకుంటె, గోల్ లేకుంటె, నౌకరి పోతది. ఇంట్ల వాడొక్కడే నౌకరి చేసెటోడు."

"అర్థం చేసుకోగలను. అయితే పత్రికలో 'చరిత్రలోనే' అను పదం వాడబడినది. ముసాయిదాలో పదకొండు స్థానాలే ఉన్నవి. ఈ యువకుడు ఇదే విధంగా ఆడుతూ పోతే పన్నెండవ స్థానం సృష్టించవలసి వస్తుంది. రాయి కొలతలు ఖరారైనవి."

"వాని పేరు రాయిమీద వద్దు సార్. ఆడనిస్తె చాలు."

పరాంకుశం నిబంధనల పుస్తకం తీసి తిరగేశాడు. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే దేవసహాయానికి తిట్టుకునే సుఖమైనా మిగిలేది. చివరికి షరతులతో అనుమతి ఇచ్చాడు. ఆటగాళ్లందరూ హామీ పత్రం రాసివ్వాలి. ముసాయిదా జాబితాలోని పెద్దల ఘనతను తగ్గించే స్థాయిలో ఆడబోమని, జాబితాలో లేనివారు చరిత్రాత్మకమైన గోల్ వేసినచో ఉద్యోగం నుంచి తొలగింపునకు కట్టుబడి ఉంటామని.

"మరి గోల్ వేయకుంటె ప్రొబేషన్ పోతది గద సార్. వేసినా పాయె, వేయకున్నా పాయె. ఎట్ల?"

"అవి రెండు వేర్వేరు విభాగముల నిబంధనలు. వాటి మధ్య సమన్వయం మా పరిధిలోకి రాదు. అయినను, సాధారణ స్థాయి గోల్ వేసుకొనుటకు అభ్యంతరం లేదు."

కప్పు మొదటి మ్యాచి రోజున దేవసహాయం గోపిని పక్కకు పిలిచాడు. కోచ్‌గా పంతొమ్మిదేళ్లలో ఏ ఆటగాడికీ చెప్పని మాట చెప్పాడు. "బిడ్డా, జర మామూలు గోల్ కొట్టు."

గోపి ఇరకాటంలో పడ్డాడు. "మామూలు గోల్ అంటె ఎట్లుంటది సార్?"

"ఎవ్వరు చప్పట్లు కొట్టద్దు. పక్కపొంటి పోయి, బంతి అట్ల నెట్టి, ఇంటికొచ్చినట్టు వచ్చెయ్యాలె."

పిల్లవాడు నిజంగానే ప్రయత్నించాడు. యాభై నిమిషాలకు పైగా ముసలి ఎద్దులా నడిచాడు. రెండుసార్లు ఖాళీ గోల్ ముందు బంతి దొరికితే, ఇది మామూలుదో కాదో తేల్చుకోలేక పక్కవాడికి ఇచ్చేశాడు. పక్కవాడు తన హామీ పత్రం గుర్తొచ్చి ఇంకొకడికి ఇచ్చాడు. స్కోరు సున్నా సున్నా. ఆట ఇంకో మూడు నిమిషాలు ఉందనగా బంతి మధ్య గీత దగ్గర గోపి కాలి ముందుకు వచ్చింది. ఎదురుగా ఎవడో భుజంతో తోశాడు. అంతే, పిల్లవాడు హామీ పత్రం సంగతి మరిచిపోయాడు. ఒకణ్ని ఎడమకు, ఒకణ్ని కుడికి వంచి, ఇద్దరి మధ్య నుంచి దూరి, గోల్ ముందరి డి గీత లోపలికి రాగానే స్టిక్కు తిప్పి వెనకచేతి దెబ్బ కొట్టాడు. బంతి గోల్ వెనక చెక్కకు తగిలిన చప్పుడు గేటు దాకా వినిపించింది. మూడు వందల మంది లేచి నిలబడ్డారు. అవతలి జట్టు గోల్‌కీపరు కూడా గ్లవ్స్ తీసి చప్పట్లు కొట్టాడు.

దేవసహాయం ఏడ్చేశాడు. ఖాజా పాషా తర్వాత అలాంటి గోల్ చూడటం అదే మొదటిసారి. ఏడుపు ఆగాక అసలు సంగతి గుర్తొచ్చి స్కోరు షీటు కోసం పరుగెత్తాడు.

కప్పు నడిపే హాకీ అసోసియేషన్ వాళ్ల షీటులో ఆటగాడి పేరు ఉండదు, చొక్కా మీది నంబరు మాత్రమే ఉంటుంది. తొమ్మిదో నంబరు గోల్ అని రాసి ఉంది. ఆ నంబరు ఎవరిదో సంస్థ కోచ్ తన రిపోర్టులో రాయాలి. గోపి పేరు రాస్తే హామీ ఉల్లంఘన కింద మరునాడే తొలగింపు. గురువారం క్వార్టర్ ఫైనల్ ఉంది కదా, అందులో వీడు ఏదో ఒక గోల్ వేయకపోడు, అప్పుడు పేరు రాయవచ్చు, ఈ ఒక్కటి దాటితే చాలు అనుకున్నాడు దేవసహాయం. ముసాయిదా జాబితా ప్రకారం తొమ్మిదో నంబరు సుదర్శనం గారిది. జాబితాలో ఉన్నవారు ఏ స్థాయి గోల్ అయినా వేయవచ్చు. పంతొమ్మిదేళ్లుగా తను రాసిన రిపోర్టులు ఎవరూ చదివిన పాపాన పోలేదన్న ధైర్యం ఒకటి. 'గోల్: గుండా సుదర్శనం' అని రాసి సంతకం పెట్టాడు. జీవితంలో ఆయన రాసిన మొదటి అబద్ధం అది.

ఈసారి మాత్రం చదివారు.

మరునాడు పరాంకుశం ఆయన్ని పిలిపించి కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. "దేవసహాయం గారూ, మన ప్రాతిపదిక అక్షరాలా నిరూపితమైనది. స్టిక్కుల రిజిస్టరు అబద్ధమాడదని నేను ఆదిలోనే చెప్పితిని. డెబ్బై ఒకటవ ఏట గోల్. ఎండీ గారు ఆనందభరితులైనారు."

"సార్, డెబ్బై ఏండ్ల మనిషి..." అని దేవసహాయం గొణిగాడు.

"వయోపరిమితిపై నిబంధనల్లో ప్రస్తావన లేదు. కావున మిగిలిన మ్యాచులలో కూడా సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో సుదర్శనం గారినే ఆడించవలసిందిగా ఆదేశించడమైనది. ఫలితం వచ్చుచున్న వ్యక్తిని పక్కన పెట్టుట సమర్థ నిర్వహణ అనిపించుకోదు."

గురువారం క్వార్టర్ ఫైనల్లో గోపి బెంచీ మీద కూర్చున్నాడు. తొమ్మిదో నంబరు చొక్కా తొడుక్కుని, మోకాలి పట్టీతో, గుండా సుదర్శనం జీవితంలో మొదటిసారి మైదానంలోకి నడిచాడు. అక్కడే నిలబడి నాలుగు వైపులా చూశాడు. కాసేపు ఆయన ముఖంలో చిన్నపిల్లవాడి సంతోషం కనిపించిందని దేవసహాయం తర్వాత చెప్పాడు. తర్వాత చూపు బెంచీ మీద ఉన్న గోపి మీద పడింది. సరాసరి గీత దాకా కుంటుకుంటూ వచ్చాడు.

"దా బిడ్డా. ఈ అంగి నీది. నువ్వు పో," అని చొక్కా విప్పబోయాడు.

గీత పక్కన గొడుగు కింద కూర్చున్న సంఘం సభ్యుడు లేచి, నిర్వచించబడిన క్రీడాకారుణ్ని నిర్వచించబడని క్రీడాకారుడితో మార్చడానికి అధ్యక్షుల లిఖితపూర్వక అనుమతి కావాలన్నాడు. అధ్యక్షులు ఆ వేళ రాయి ఎంపికకు వెళ్లి ఉన్నారు. జట్టు నాలుగు సున్నాతో ఓడిపోయి కప్పు నుంచి బయటపడింది. అవతలివాళ్లు నాలుగు దగ్గర ఆపింది సుదర్శనం గారి మోకాలి మీద జాలితోనే.

డిసెంబరు మూడో వారంలో గోపికి మెమో వచ్చింది. ప్రొబేషన్ కాలంలో గుర్తింపు పొందిన టోర్నమెంటులో ఒక్క గోల్ కూడా సాధించినట్టు రికార్డు లేనందున తమ సేవలు ఎందుకు రద్దు చేయరాదో ఏడు రోజుల్లో తెలుపవలెను.

దేవసహాయం ఆ కాగితం నాలుగుసార్లు చదివాడు. వాణ్ని కాపాడదామని తను రాసిన ఒక్క లైనే వాడి మెడకు చుట్టుకుంది. గోపి జవాబు రాయనవసరం లేకుండా తనే అభ్యంతరం రాశాడు. ఆ గోల్ గోపిదని, రిపోర్టులో తను అబద్ధం రాశానని, ఏ శిక్ష వేసినా తనకే వేయమని. సుదర్శనాన్ని సాక్షిగా వెంటబెట్టుకుని విచారణకు వెళ్లాడు. గోపి వరండాలో నిలబడ్డాడు.

"నేను కొట్టలే సారూ. ఆ దినం నేను అల్వాల్‌ల మా ఇంట్ల చిక్కుడుకాయ తెంపుతున్న," అన్నాడు సుదర్శనం.

"వినయం మహనీయుల సహజ లక్షణం," అని పరాంకుశం నమస్కరించాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు.

"పేపర్ల గుడ వచ్చింది సార్. గోపి కొట్టిండని ఫోటో ఏసిన్రు," అని దేవసహాయం పత్రిక బల్ల మీద పరిచాడు.

"పత్రికా వార్త రికార్డు కాదు."

"మొన్న మ్యాచులు బంద్ జేసింది పేపర్ జూసే గద సార్?"

"అప్పుడు అది ఫిర్యాదు. ఇప్పుడు అది ఆధారం. రెంటికీ నిబంధనలు వేరు." పరాంకుశం ఫైలు మూసి, కళ్లద్దాలు తీసి, ఎంతో దయగా మాట్లాడాడు. "చూడండి దేవసహాయం గారూ. తమరు అబద్ధం రాసినట్టు తమరే లిఖితపూర్వకంగా ఒప్పుకొనుచున్నారు. అబద్ధం రాయు వ్యక్తి వాంగ్మూలాన్ని సంఘం ఏ విధంగా విశ్వసించగలదు? కావున తమరి అభ్యంతరం తోసిపుచ్చడమైనది."

"మరి ఆ రిపోర్టు రాసింది గుడ నేనే గద సార్."

"అది తమరు అబద్ధాలకోరని తేలడానికి పూర్వం రాసినది. కావున చెల్లును." ఆయన లేవబోతూ ఆగి, ఓదార్పుగా మరో మాట అన్నాడు. "యువకుడు నిరాశ చెందనక్కరలేదు. శతజయంతికి మరొక సంఘం ఏర్పడుతుంది. అప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చును."

దేవసహాయం బయటికి వచ్చాడు. సుదర్శనం వెనకాలే వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. గోపి గోడకు ఆనుకుని ఉన్నాడు. పెద్దాయన వాలకం చూసి వాడికి విషయం అర్థమైంది. ఉద్యోగం గురించి అడగలేదు.

"సార్, రాత్రి మా నాయనకు ఫోన్ జేసి చెప్పిన, గోల్ కొట్టిన అని. కొడితె మరి ఎందుకు తీసేస్తున్నరు రా అంటున్నడు. నమ్ముతలేడు. మీరొక్కసారి నోటితోని చెప్పుండ్రి సార్ మా నాయనకు," అని ఫోన్ కలిపి చేతికిచ్చాడు.

అవతల ముసలి గొంతు హలో అంది.

"నమస్తే అన్నా. నేను కోచ్‌ను మాట్లాడుతున్న. ఆ గోల్ మీవోడే కొట్టిండు. నేను కండ్లార చూసిన."

"నిజమేనా సారూ?" అంది ఆ గొంతు. "మరి కాయితం మీద వేరే పేరున్నదట. ఎవరు రాసిన్రు సారూ అట్ల?"

దేవసహాయం గోపి వైపు చూడలేకపోయాడు. "నేనే రాసిన అన్నా," అన్నాడు.